ఇంటికి తాళం వేసి ఉన్నది

విడాకులకు ఎంతకాలం పడుతుందని ఎవరైనా అడిగితే, ముందు నేనొక ఎదురు ప్రశ్న వేస్తాను. మీ ఆయన ఏ పంట వేస్తాడు? విన్నవాళ్ళు నవ్వుతారు. నేను నవ్వను. రెండేళ్ళు నడిచిన పెళ్ళిని వదిలించుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది. అందులో ఏడాదిన్నర పెద్దమనుషులు తిన్నారు. మిగిలినదాంట్లో చాలా భాగం మిరప పంట తింది, ఇంకొంత నా కోపం తింది. కోర్టును మనసారా తిట్టుకోవడానికి నాకు పెద్దగా ఏమీ మిగల్లేదు, ఆ లోటు ఇప్పటికీ ఉంది.

మాది సత్తెనపల్లి. అక్కడే ఒక ప్రైవేటు బళ్ళో లెక్కలు చెబుతాను. ఆయనది దర్శి అవతల ఒక ఊరు. మిరప, కాస్త పత్తి వేస్తాడు. మనిషి చెడ్డవాడు కాదు, నాకొచ్చిన చిక్కల్లా అదే. పంచాయితీలో పెద్దమనుషులు వరసగా అడిగారు.

"తాగుతాడా?"

"లేదండి."

"కొడతాడా?"

"లేదండి."

"ఇంకెవత్తెనన్నా ఉంచుకున్నాడా?"

"లేదండి."

"మరి నీకొచ్చిన రోగమేందమ్మా?"

ఆయన మాట్లాడడని చెప్పాను. అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మాట్లాడని మొగుడు దొరకడం అదృష్టమని ఒకాయన అన్నాడు, మిగతావాళ్ళు నవ్వారు. వాళ్ళకెలా చెప్పను? తెల్లారకముందే చేలోకి పోయే మనిషి, చీకటి పడ్డాక వచ్చి అన్నం తిని అటు తిరిగి పడుకునేవాడు. నాకేమో నోరు ఆగదు. ఒకరోజు పొయ్యి మీద పాలకు "ఆగండి, వస్తున్నా" అని చెప్పి, అవి పొంగిపోతే వాటితో పోట్లాటకు దిగాను. పోట్లాడుతూ పోట్లాడుతూ నా గొంతు నాకే వినిపించి భయమేసింది. ఆ శ్రావణంలోనే పుట్టింటికి వచ్చేశాను.

కోర్టు వాయిదాలను అందరూ ఆడిపోసుకుంటారు గానీ, పెద్దమనుషుల వాయిదాల ముందు అవెంత? ఒకసారి ఒకాయన వియ్యంకుడు పోయాడు. ఒకసారి ఇంకొకాయన ఇంట్లో పెళ్ళి. ఒకసారి అందరూ వచ్చారు కానీ మా ఆయన రాలేదు, పత్తికి మందు కొట్టాలట. ఏడాదిన్నర గడిచాక, కోర్టులో కేసు వేస్తానని, ఇక ఈయనతో గానీ వీళ్ళతో గానీ ఒక్క మాట మాట్లాడనని అందరి ముందూ చెప్పి లేచి వచ్చేశాను. అది శపథంలా అన్నాను. తర్వాత దాన్ని పట్టుకుని వేలాడాను కూడా. నా తప్పు అక్కడ మొదలైంది.

ఆ మాఘంలో కేసు వేశాను. మా లాయరు నడివయసావిడ, మాట తుంచి మాట్లాడే మనిషి. "ఇద్దరూ ఒప్పుకుంటే నెలల్లో తేలుతుంది. ఒకరు కాదంటే ఏళ్ళు. అవతలి మనిషికి నోటీసే అందకపోతే మాత్రం మీ కేసు ఇంకా పుట్టనట్టే లెక్క" అంది. అప్పుడు నాకది పెద్ద విషయంగా అనిపించలేదు. ఇల్లుంది, ఊరుంది, ఇంట్లో మనిషున్నాడు, అందక ఎక్కడికి పోతుందనుకున్నాను.

అందలేదు. నోటీసు పట్టుకెళ్ళే కోర్టు మనిషిని అమీనా అంటారు. ఆయన రాసి తెచ్చిన కాగితంలో ఒకటే ముక్క. ఇంటికి తాళం వేసి ఉన్నది, ఇరుగుపొరుగు వారిని విచారించగా తెలియదన్నారు. వేసవి సెలవుల తర్వాత రెండోసారి పంపారు. ఇంటికి తాళం వేసి ఉన్నది. దసరా దాటాక మూడోసారి. అదే తాళం. పోస్టులో పంపినవీ అలాగే తిరిగొచ్చాయి. మూడోసారి అమీనా నన్ను కోర్టు వరండాలో చూసి జాలిపడ్డాడు. "రెండు బస్సులు మారి పోతన్నానమ్మా. పదకొండింటికి పోయినా అంతే, రెండింటికి పోయినా అంతే. తాళం కప్ప చూసి రావటమే నా పనయింది."

"దాక్కుంటున్నాడు" అన్నాను మా అమ్మతో.

"దాక్కోక? మాట్లాడనోడు చేసే పనే అది" అంది అమ్మ.

ఫోన్ చేయొచ్చు కదా అని మీరంటారు. మా లాయరు కూడా అంది. "కేసులో నోటీసు పంపామని ఒక్కసారి చెప్పి చూడండి. మాట్లాడితే పోయేదేం లేదు." నేను మాట్లాడనని నలుగురిలో చెప్పిన మనిషిని. నాలుక తెగినా సరే మాట తప్పకూడదనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా నెత్తిన నేనే మొట్టుకోవాలనిపిస్తుంది.

ఇదంతా నా ఒక్కదాని గొడవే అయితే ఎలాగో పడేదాన్ని. మా చెల్లెలుంది. గుంటూరులో ఒక ల్యాబ్‌లో పనిచేస్తుంది. అక్కడే పనిచేసే అబ్బాయిని ఇష్టపడింది. వింత ఏమిటంటే రెండిళ్ళలోనూ ఎవరూ అడ్డం చెప్పలేదు. ఆ దసరాకి అబ్బాయి వాళ్ళమ్మ మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, గ్లాసు కింద పెడుతూ అసలు మాట అంది. "మీ పెద్దమ్మాయి సంగతి కోర్టులో నలుగుతా ఉండగా మేం ఎట్లా ముందుకొస్తాం చెప్పండి? అది తేలనియ్యండి. వచ్చే శ్రావణం దాకా చూస్తాం. ఆపైన మా దారి మేం చూసుకుంటాం." ఆవిడ మర్యాదగానే చెప్పింది. నాకు మాత్రం ఆ గ్లాసు తీసి విసరాలనిపించింది.

ఆ రోజునుంచి మా ఇంట్లో నా కేసు నాది కాకుండా దానిదైపోయింది. వీధిలో ఎవరు కనిపించినా "ఎంతవరకొచ్చింది?" అని అడిగేవాళ్ళు. మా చెల్లెలు ఒక్కతే అడిగేది కాదు. నేను వాయిదా నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, గోడమీది క్యాలెండర్ వైపు ఒకసారి చూసి లోపలికి పోయేది. అది నన్ను తిట్టినా బాగుండేది. తోబుట్టువు పెళ్ళికి నేనే అడ్డంగా పడి ఉన్నానని నాకు అన్నం సయించేది కాదు.

సంక్రాంతి వెళ్ళాక నాలుగో నోటీసు కూడా తాళం చూసి తిరిగొచ్చింది. మార్చిలో లాయరు నన్ను కూర్చోబెట్టింది. "ఇక పేపర్లో ప్రకటన వేయించమని కోర్టును అడగొచ్చు. అప్పటికీ రాకపోతే ఆయన లేకుండానే తీర్పు అడగొచ్చు. కానీ ఒకటి. రేపు ఆయనొచ్చి, నాకసలు ఈ కేసు సంగతే తెలియదండీ అంటే, ఆ తీర్పు కొట్టేసి మళ్ళీ మొదటినుంచి నడపాల్సి రావచ్చు."

"వేయించండి" అన్నాను.

"మీ చెల్లెలి ముహూర్తాలయ్యాక వచ్చి కొట్టేయించుకుంటే?"

ఆవిడ కాగితాలు మూసేసి, వారం రోజులు ఆలోచించుకుని వచ్చి సంతకం పెట్టమంది.

ఆ వారంలోనే మా బడి వాళ్ళు అడ్మిషన్లకు తరిమారు. ప్రైవేటు బడి టీచర్లకు ఇది మామూలే. పరీక్షలు దగ్గర పడగానే కరపత్రాలు చంకన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళలో ఇల్లిల్లూ తిరగాలి. ఒక ఊళ్ళో ఒక ఇంటికి తాళం వేసి ఉంది. ఆ ఇంట్లో బడికి పంపే ఈడు పిల్లలు ఇద్దరున్నారని నా జాబితాలో ఉంది. పక్కింటి అరుగు మీద ఒక ముసలావిడ చింతపండు పిక్కలు తీస్తోంది. వీళ్ళెక్కడికి పోయారని అడిగాను.

ఆవిడ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "ఈ రోజుల్లో ఇంటికాడ ఎవరుంటారమ్మా? కల్లం కాడ ఉంటారు గానీ!"

నిజమే కదా అనుకుంటూ పొలాలవైపు నడిచాను. కల్లమంటే కోసిన మిరపకాయ ఎండబోసే చోటు. చేల మధ్య చదును చేసిన నేల మీద టార్పాలిన్ పట్టాలు పరిచి కాయ ఆరబోస్తారు. పొద్దున పరవడం, సాయంత్రం కుప్ప చేసి కప్పడం, మచ్చపడ్డ తాలు కాయ ఏరడం. కాయ ఎండి బస్తాలకెక్కేదాకా మనుషులు అక్కడే వండుకుంటారు, అక్కడే పడుకుంటారు, ఇంటి ఊసెత్తరు. ఆ పిల్లల తల్లి తాలు ఏరుతూ దొరికింది. తుమ్ములు ఆపుకుంటూ ఇద్దరి పేర్లూ రాసుకున్నాను. కరపత్రం ఇచ్చాను. తిరిగి రోడ్డు మీదికొచ్చి పది అడుగులు వేశానో లేదో, కాళ్ళు ఆగిపోయాయి.

నేను ఎవరిని? దర్శి అవతల అలాంటి కల్లంలో రెండు సీజన్లు పట్టాల కింద పడుకున్న మనిషిని. చేతులు మండితే నూనె రాసుకుని ఏడ్చిన మనిషిని. ఊళ్ళో ఇంటికి తాళం వేసి వెళ్ళేటప్పుడు ఆ తాళం తిప్పింది నేనే. ముక్కూమొహం తెలియని పిల్లల తల్లిని పావుగంటలో వెతికి పట్టుకున్నాను గానీ, నాలుగు నోటీసుల మీదా నేను రాయించిన అడ్రసు ఊళ్ళో ఇంటిది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. సీజన్ కాని రోజుల్లో మాత్రం? నేను వచ్చేశాక ఆయన ఒక్కడే ఉంటున్నాడు. తెల్లారకముందు తాళం వేస్తే చీకటి పడ్డాకే తీస్తాడు. అమీనా పదకొండింటికి పోతాడు. ఆయన ఎక్కడా దాక్కోలేదు, రోజూ చేసే పని రోజూ చేసుకుంటున్నాడు. ఈ సంగతి ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసిన మనిషిని నేనే.

ఆదివారం మా చెల్లెల్ని తీసుకుని దర్శి బస్సెక్కాను. అమ్మకు చెప్పలేదు. దర్శిలో ఆటో మాట్లాడుకుని నేరుగా కల్లానికే పోయాం. దూరంనుంచే ఎర్రగా కనబడింది. ఆయన పార తిరగేసి కాయ చదును చేస్తున్నాడు. మమ్మల్ని చూసి పార కింద పెట్టాడు.

"ఎండన పడి వచ్చారే. మజ్జిగ తాగుతారా?"

రెండేళ్ళు కాపురం చేసినా, ఆయన నన్ను ఒక ప్రశ్న అడగడం అదే మొదటిసారి అనుకుంటాను. మా చెల్లెలు తుమ్ముతూనే గ్లాసు అందుకుంది. నేను దారి పొడుగునా నెమరేసుకున్న మర్యాదలన్నీ మర్చిపోయాను.

"నోటీసులెందుకు తీసుకోలేదు?"

"ఏం నోటీసులు?"

"కోర్టు నోటీసులు! నాలుగుసార్లు వచ్చాడు అమీనా."

ఆయన తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. "కేసేశావా? ఎయ్యలేదనుకున్నా. ఏస్తానని పోయి ఎయ్యలేదేందా అని చూస్తా ఉన్నా."

"ఊళ్ళో ఒక్కళ్ళు కూడా చెప్పలేదా మీకు?"

"సంచీ తగిలించుకుని కాగితాలతో ఎవరొచ్చినా అప్పులోళ్ళే అనుకుంటారు మావోళ్ళు. అడిగితే తెలవదనే చెబుతారు. నా మంచికే లే." తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు. "నాకూ ఇది తెగితే బాగుండు. మావాళ్ళు సంబంధాలు చూస్తామంటన్నారు. కాగితం రాందే నేనేం చెయ్యను? నీకు ఫోన్ చేద్దామంటే, మాట్లాడనని అందర్లో అంటివి."

నేను పట్టా అంచున కూలబడ్డాను. ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే ఇరుక్కుపోయాననుకున్నాను. ఇక్కడ ఈ మనిషి కూడా అదే తాడుకు రెండో కొసన కట్టేసి ఉన్నాడు, లాగితే నాకు కోపమొస్తుందని లాగకుండా నిలబడ్డాడు. ఆయన మీద ఏడాదికి పైగా పెంచుకున్న కోపమంతా ఎక్కడ పెట్టాలో తెలియక ఏడుపొచ్చింది. మిరప ఘాటు కదా, ఎవరూ ఏమీ అనుకోలేదు.

"ఇద్దరం కలిసి అడిగితే త్వరగా తేలుతుందంట" అన్నాను.

"సంతకం ఎక్కడ పెట్టాలి?" అని చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"ఇక్కడ కాదు, కోర్టులో."

"ఇప్పుడు రాలేనే. కాయ కల్లంలో ఉంది. మబ్బేస్తే ఎట్టా?"

మళ్ళీ నా నెత్తురు మరిగింది. మా చెల్లెలు నా చెయ్యి నొక్కింది. తీరా లెక్క చూస్తే ఆయన కాయ బస్తాలకెక్కేసరికి కోర్టుకు వేసవి సెలవులు. సెలవులయ్యాక, మళ్ళీ నారు పోసేలోపు జూన్‌లో కొన్ని రోజులున్నాయి. ఆ రోజుల్లో ఎప్పుడు రమ్మన్నా వస్తానన్నాడు. లెక్కల టీచరునై ఉండి, విడాకుల తేదీ చూడ్డానికి మిరప క్యాలెండర్, కోర్టు క్యాలెండర్ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు అప్పటిదాకా తట్టలేదు.

లాయరు నా మాటలన్నీ విని మొదటిసారి నవ్వింది. పాత కేసునే ఇద్దరి సమ్మతి కేసుగా మార్చింది. మామూలుగా ఇందులో ఆరునెలలు ఆగి రెండోసారి రావాలట. మేం విడిగా ఉండి రెండున్నరేళ్ళు దాటింది, కేసు వేసి ఏడాది దాటింది, ఇచ్చిపుచ్చుకునే పేచీలేమీ లేవు కాబట్టి ఆ ఆరునెలలు వద్దని అడుగుదామంది. "ఇవ్వడం ఇవ్వకపోవడం జడ్జిగారి ఇష్టం. మీరు చేయాల్సింది ఒక్కటే. ఇద్దరూ ప్రతి వాయిదాకీ వేళకు రావాలి. ఒక్కళ్ళు ఒక్కసారి తప్పినా శ్రావణం దాటిపోతుంది."

తప్పించబోయింది మా అమ్మ. కోర్టు ఇచ్చిన తేదీ పంచాంగంలో చూసి గుండె బాదుకుంది.

"అమావాస్యే తల్లీ! అమావాస్య పూట సంతకమేందే? లాయరమ్మకి చెప్పి ఇంకో రోజు అడుగు."

"పెళ్ళి మంచి ముహూర్తంలోనే చేశావుగా అమ్మా" అన్నాను.

అమ్మ పంచాంగం దేవుడి గూట్లో పెట్టేసింది. కాసేపటికి వంటింట్లోంచి నవ్వు వినబడింది. నా పెళ్ళి గురించి మా అమ్మ నవ్వగా వినడం అదే మొదలు.

అమావాస్య నాడు ఆయన మాకంటే ముందే వచ్చి వరండాలో గోడకానుకుని నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాతో. జడ్జిగారు ఆయన్ను ఎవరి బలవంతమైనా ఉందా అని అడిగారు. "లేదండి" అన్నాడు. ఇద్దరూ కలిసి బతికే అవకాశం ఏమైనా ఉందా అని అడిగారు. "లేదండి" అన్నాడు. నా వంతు వచ్చేసరికి నేను పాలు పొంగిన సంగతి దగ్గర్నుంచి మొదలుపెట్టాను. లాయరు వెనకనుంచి నా జాకెట్టు పట్టి లాగింది. "లేదండి" అని ఊరుకున్నాను. ఆయన తల వంచుకుని నవ్వడం చూశాను. తర్వాత ఇంకో రెండు వాయిదాలకూ అలాగే వేళకు వచ్చాడు. ఆరునెలల గడువు అక్కర్లేదని జడ్జిగారు ఒప్పుకున్నారు. ఆషాఢం సగంలో ఉండగా తీర్పు వచ్చింది.

తీర్పు విన్నాక బాధేమైనా ఉంటుందేమోనని నాలో నేను వెతుక్కున్నాను. దొరకలేదు. ఎండలో చాలాదూరం నడిచి చెప్పులు విప్పేసినట్టుంది. బయటికి రాగానే మా చెల్లెలు ఆ అబ్బాయికి ఫోన్ చేసి "అయిపోయింది, అత్తయ్యకి చెప్పు" అని అక్కడే మెట్ల మీద కూర్చుంది. దాన్ని పట్టుకుని నేనూ కూర్చున్నాను. ఆ గ్లాసు విసిరెయ్యనందుకు ఇప్పుడు సంతోషించాను.

ఆయన వెళ్తూ వెళ్తూ మా ముందు ఆగాడు.

"నీ బీరువా అట్టనే ఉంది. ఎప్పుడన్నా తీసుకుపో. తాళంచెవి అక్కడే."

"ఎక్కడ?"

"తులసి కుండీ వెనకాల, ఇటుక కింద. నువ్వు పెట్టిన చోటేగా. నీ సామాన్ల కోసం వస్తావేమోనని రోజూ అక్కడే పెట్టిపోతన్నా."

బస్టాండు వైపు వెళ్ళిపోయాడు. నేను మెట్ల మీదే ఉండిపోయాను. కాగితాల్లో నాలుగుసార్లు చదివి నాలుగుసార్లు పళ్ళు నూరుకున్న తాళం అది. దాని చెవి ఎక్కడుంటుందో అమీనాకి తెలియదు, నాకు తెలుసు.

వారం తర్వాత ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని నేనూ చెల్లెలూ వెళ్ళాం. పట్టపగలు. ఇంటికి తాళం వేసి ఉంది. ఇటుక ఎత్తితే తాళంచెవి ఉంది. లోపల నా బీరువా, నేను వదిలేసిన గోడ అద్దం, పొయ్యి పక్కన పాలగిన్నె, అన్నీ ఉన్న చోటే ఉన్నాయి. బీరువా మాత్రం తీసుకున్నాం. డ్రైవరూ ఇంకొకతనూ దాన్ని మోస్తుండగా చెల్లెలికి ఫోన్ వచ్చింది. శ్రావణంలో రెండో శుక్రవారం ఖాయం చేశారట. అది ఫోన్ చెవికి ఆనించుకునే నా భుజం మీద కొట్టింది.

పక్కింటావిడ గోడ దగ్గర నిలబడి ఇదంతా చూస్తోంది. నాలుగుసార్లు తెలియదని చెప్పింది ఆవిడే అయ్యుంటుంది. తలుపు వేసి తాళం తిప్పాను. అలవాటుగా కుండీ వైపు వంగి, ఆగిపోయి, గోడ దగ్గరికెళ్ళి తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాను.

"ఆయనొచ్చాక ఇవ్వండి."

"నా చేతికెందుకమ్మా? కుండీ కాడ పెట్టి పోరాదూ, ఎప్పుడూ ఆడే పెడతాడుగా."

"ఇంకో చోటు చూసుకోమన్నానని చెప్పండి" అన్నాను. "అది నాకు తెలియక్కర్లేదు."

మా చెల్లెలు అప్పటికే ట్రాలీ ఎక్కి, బీరువా కదలకుండా రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.